తొలకరికి ముందే టీకా

తొలకరి వానలు పడిన పిమ్మట గొంతువాపు సోకి, నిన్న కాడి లాగిన ఎద్దు నేడు చచ్చుట రైతు సోదరులు ఎరుగనిది కాదు. అప్పుడు టీకాకై పరుగెత్తిన ఫలము లేదు. టీకా వచ్చిన రోగమును కుదుర్చు మందు కాదు.

టీకా వలన పశువు శరీరము రోగక్రిమి ఆనవాలు పట్టి, దానిని ఎదిరించు పదార్థములను రక్తములో తయారుచేసికొనును. ఇందుకు రెండు మూడు వారములు పట్టును. తరువాత అసలు క్రిమి ప్రవేశించినను, శరీరము దానిని త్వరగా అణచివేయును.

పశువుల టీకాలలో ముఖ్యమైనవి మూడు రకములు:

1. చంపిన క్రిములతో చేసినవి. గొంతువాపు, గాలికుంటు టీకాలు ఇట్టివి. మొదటిదానిని ఏటేట తొలకరికి ముందు, రెండవదానిని ఆరు నెలలకొకసారి వేయించవలెను.

2. బలము తగ్గించిన సజీవ క్రిములతో చేసినవి. కోళ్ళ కొక్కెర తెగులు, గొర్రెల మేకల పారుడు రోగము టీకాలు ఇట్టివి. పారుడు రోగపు టీకా సుమారు మూడేండ్లు కాపాడును.

3. క్రిములు పుట్టించు విషమును హానిలేకుండ మార్చి చేసినవి. గొర్రెల చిటుకు రోగమునకు ఇట్టి టీకా కలదు. ఏటేట వేయించవలెను.

పూర్వము మందలకు మందలనే తుడిచిపెట్టిన ముసర రోగము టీకాల బలముననే అణగినది. అది ప్రపంచమంతట రూపుమాసినట్లు 2011లో ప్రకటించిరి.

వేడి తగిలిన టీకా పనిచేయదు. దానిని మంచుపెట్టెలోనే ఊరికి తేవలెను. జ్వరముతోనున్న పశువునకు వేయించరాదు.

గ్రామాధికారులు ముందుగా చాటింపు వేయించి, ఊరి పశువులన్నింటిని ఒకచోట చేర్పించవలెను. సగము మందకు వేయించి సగము విడిచినచో రోగము ఊరు విడువదు.