తాళాల కంపెనీలో వాటా!

ఊళ్లో దొంగల భయం పెరిగితే తాళాలకు గిరాకీ పెరుగుతుంది. కంప్యూటర్లలో, ఫోన్లలో దొంగలు పడుతున్న ఈ కాలంలో ‘తాళాలు’ తయారుచేసే కంపెనీలూ అలాగే ఎదుగుతున్నాయి. మరి ఆ కంపెనీల్లో ఏ ఒక్కటి నెగ్గుతుందో తెలియనివాళ్లు ఏం చెయ్యాలి? అన్నిట్లో తలా కాస్త కొనుక్కోవచ్చు. అందుకు పుట్టినవే సైబర్‌ భద్రత ఈటీఎఫ్‌లు. కాకపోతే వాటి జోలికి వెళ్లేముందు, హైదరాబాద్‌ ఉత్తర శివారులోని బహదూర్‌పల్లి నేర్పిన పాఠాన్ని ఓసారి గుర్తుచేసుకోవాలి.

ఆ ఊళ్లో చెట్ల మధ్య విశాలంగా కనిపించే ప్రాంగణం ఒకటుంది. ఇప్పుడక్కడ టెక్‌ మహీంద్రా కార్యాలయాలూ మహీంద్రా విశ్వవిద్యాలయమూ ఉన్నాయి. ఒకప్పుడు మాత్రం ఆ చిరునామా ‘సత్యం టెక్నాలజీ సెంటర్‌’. ఆ కంపెనీలో ఉద్యోగం వచ్చిందంటే సంబంధాలు వెతుక్కుంటూ వచ్చేవి. ఉద్యోగం రానివాళ్లు కనీసం ఆ షేర్లయినా కొనుక్కునేవారు. మనవాళ్ల కంపెనీ, మన కళ్లముందు పెరిగిన కంపెనీ... ఇంకేం కావాలి?

2009 జనవరి 7న ఆ నమ్మకం కుప్పకూలింది. ఖాతాల్లో చూపించిన వేలకోట్ల రూపాయలు నిజానికి లేనేలేవని సంస్థ ఛైర్మన్‌ రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గరకు వచ్చి పడింది. లక్ష రూపాయలు పెట్టినవారికి మిగిలింది దాదాపు 22 వేలు. ఆ తర్వాత రెండురోజుల్లో అదీ మరింత తగ్గింది. విచిత్రం ఏమిటంటే, అంతకు కొద్ది నెలల ముందే, 2008లో, చక్కని కార్పొరేట్‌ పాలనకుగాను ఆ సంస్థకు అవార్డు కూడా దక్కింది. లెక్కలు తనిఖీ చేసేవారు, అవార్డులిచ్చేవారు, విశ్లేషకులు... ఎవరూ పసిగట్టలేనిది మామూలు మదుపరికి ఎలా తెలుస్తుంది?

పంట ఒకటే వేస్తే...

వానమీద ఆధారపడే రైతు చేనంతా పత్తే వేయడు. మధ్యమధ్యలో కంది సాళ్లు వేస్తాడు. ఒకటి పోయినా రెండోది చేతికొస్తుందన్న లెక్క అది. షేర్ల మార్కెట్లో ఆ పని సులువుగా చేసిపెట్టేదే ఈటీఎఫ్‌... అంటే ఎక్స్ఛేంజ్‌ ట్రేడెడ్‌ ఫండ్‌. ఎన్నో కంపెనీల షేర్లను ఒక బుట్టలో వేసి, ఆ బుట్టను చిన్నచిన్న యూనిట్లుగా చేసి అమ్ముతారు. వాటిని మామూలు షేరులాగే డీమ్యాట్‌ ఖాతాతో, మార్కెట్‌ నడిచే వేళల్లో ఎప్పుడైనా కొనొచ్చు, అమ్మొచ్చు. బుట్టలో ఏముండాలన్నది ఎవరి ఇష్టాయిష్టాలతోనో కాకుండా ఒక సూచీ ప్రకారం నడుస్తుంది. కాబట్టి ఖర్చూ తక్కువే.

మనదేశంలో ఈ తరహా మొదటి ఫండ్‌ 2001 డిసెంబరులో వచ్చిన ‘నిఫ్టీ బీస్‌’. యాభై పెద్ద కంపెనీల బుట్ట అది. సత్యం కూడా అప్పట్లో నిఫ్టీలో ఉండేది. అంటే, 2009లో ఆ ఫండ్‌ కొన్నవారికీ సత్యం దెబ్బ తగిలింది. కానీ యాభైలో ఒకటిగా తగిలింది. కుంభకోణం బయటపడగానే ఆ కంపెనీని సూచీ నుంచి తీసేశారు. దాని స్థానంలో మరొకటి వచ్చింది. మదుపరి తానుగా ఏమీ చెయ్యనక్కర్లేకుండానే ఆ మార్పు జరిగిపోయింది.

అలాగని బుట్టకు అసలు దెబ్బే తగలదనుకుంటే పొరపాటు. ఆ ఒక్కరోజే సెన్సెక్స్‌ 749 పాయింట్లు... అంటే 7 శాతానికి పైగా పడింది. తేడా అంతా తర్వాత కనిపించింది. ఆ ఏడాది చివరికి సెన్సెక్స్‌ 17 వేలు దాటింది. సత్యాన్ని మాత్రం 2009 ఏప్రిల్‌లో టెక్‌ మహీంద్రా వేలంలో షేరు 58 రూపాయల లెక్కన దక్కించుకుంది. 2013లో రెండు సంస్థలూ విలీనమైనప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్‌ మహీంద్రా షేర్లు ఇచ్చారు.

కాపలాకి గిరాకీ

ఇక సైబర్‌ భద్రత సంగతికొద్దాం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌ కంప్యూటర్లపై దాడి జరిగితే, అంత పెద్దాసుపత్రిలో రోజుల తరబడి చీటీలు చేత్తో రాయాల్సివచ్చింది. సైబర్‌ మోసాల్లో 2024లో మనవాళ్లు పోగొట్టుకున్న సొమ్ము 22 వేల కోట్ల రూపాయలకు పైనేనని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. దాడి జరిగితే ఆరు గంటల్లోగా తమకు చెప్పాలని 2022లో సెర్ట్‌-ఇన్‌ సంస్థ ఆదేశించింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం వచ్చింది. ఇవన్నీ కలిసి బ్యాంకుల నుంచి ఆసుపత్రుల దాకా అందరిచేతా భద్రత మీద ఖర్చు పెట్టిస్తున్నాయి. ఇతర ఖర్చులు తగ్గించుకునే కంపెనీ కూడా కాపలాదారును మాన్పించడానికి జంకుతుంది. ఈ రంగం మీద మదుపరులకు ఆశ కలగడానికి కారణం అదే.

ఆ ఆశకు రూపమిస్తూ 2014 నవంబరులో అమెరికాలో తొలి సైబర్‌ భద్రత ఈటీఎఫ్‌ మొదలైంది. మార్కెట్లో దాని గుర్తు ‘హ్యాక్‌’. అది వచ్చిన కొద్దిరోజులకే సోనీ పిక్చర్స్‌ సంస్థ మీద పెద్ద సైబర్‌ దాడి జరిగింది. పత్రికల నిండా అదే వార్త. దాంతో డబ్బు వరదలా వచ్చింది. ఏడాది తిరక్కుండానే ఫండ్‌ పరిమాణం వందకోట్ల డాలర్లు దాటింది. ఆ తర్వాత 2015లో ‘సీఐబీఆర్‌’, 2019లో ‘బగ్‌’ అనే ఫండ్లూ వచ్చాయి. పాలో ఆల్టో, ఫోర్టినెట్‌, క్రౌడ్‌స్ట్రైక్‌, జీస్కేలర్‌ లాంటి కంపెనీలు ఈ బుట్టల్లో తరచూ కనిపించే పేర్లు.

బుట్ట ఎందుకు మేలో చెప్పే ఘటన 2024 జులై 19న జరిగింది. భద్రత కోసం క్రౌడ్‌స్ట్రైక్‌ పంపిన ఒక లోపభూయిష్ఠమైన అప్‌డేట్‌ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్‌ కంప్యూటర్లు నీలితెర చూపించి ఆగిపోయాయి. హైదరాబాద్‌తో సహా మన విమానాశ్రయాల్లో సిబ్బంది బోర్డింగ్‌ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఒక్కరోజే కంపెనీ షేరు 11 శాతం పడింది, కొద్ది వారాల్లోనే మూడోవంతు విలువ కోల్పోయింది. కేవలం ఆ షేరే పెట్టుకున్నవారికి నిద్రపట్టలేదు. ఈటీఎఫ్‌ ఉన్నవారికి అది బుట్టలో ఒక కాయ మాత్రమే. పైగా క్రౌడ్‌స్ట్రైక్‌ చిక్కుల్లో పడితే దాని పోటీదారులు లాభపడొచ్చు... వాళ్లూ అదే బుట్టలో ఉంటారు!

అందరిదీ పత్తే అయితే?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నిఫ్టీ ఫండ్‌లో బ్యాంకులుంటాయి, మందుల కంపెనీలుంటాయి, సిమెంటుంటుంది. అది పత్తీ కందీ కలిపిన చేను. సైబర్‌ భద్రత ఫండ్‌ అలా కాదు. పది ఊళ్ల రైతుల దగ్గర కొన్నా అంతా పత్తే. ఒక రైతు మోసం చేస్తే నష్టం తక్కువే కానీ, పత్తి ధర పడితే అందరిదీ పడుతుంది.

పడింది కూడా. తొలి ఏడాది సందడి చూసి 2015 వేసవిలో ‘హ్యాక్‌’ కొన్నవారు, 2016 ఫిబ్రవరి నాటికి మూడోవంతు దాకా నష్టపోయారు. 2022లో వడ్డీరేట్లు పెరిగినప్పుడు ఈ ఫండ్లు దాదాపు పావువంతు, కొన్ని అంతకంటే ఎక్కువ కోల్పోయాయి. చిత్రమేమిటంటే, ఆ ఏడాది సైబర్‌ దాడులేమీ తగ్గలేదు. అంటే, దొంగతనాలు పెరిగినంత మాత్రాన తాళాల కంపెనీ షేరు పెరగాలని లేదు. ఎంత ధర పెట్టి కొన్నామన్నదీ ముఖ్యమే. ఖర్చులోనూ తేడా ఉంది. మన నిఫ్టీ ఈటీఎఫ్‌లలో ఏడాది ఖర్చు లక్షకు యాభై రూపాయల చుట్టుపక్కల ఉంటే, ఈ ఫండ్లలో అది ఐదారొందలు.

మరి మనదేశంలో భద్రత కంపెనీలే లేవా అంటే, ఉన్నాయి. కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణంగా మొదలైన పుణె సంస్థ క్విక్‌హీల్‌ 2016లో 321 రూపాయల ధరకు పబ్లిక్‌ ఇష్యూకి వచ్చింది. లిస్టయిన మొదటిరోజే షేరు ఆ ధరకంటే కిందికి జారింది. కానీ ఒకటి రెండు కంపెనీలతో బుట్ట కాదు. నిఫ్టీ ఐటీ సూచీ ఈటీఎఫ్‌లలో పది కంపెనీలుంటాయి, వాటిలో టెక్‌ మహీంద్రా కూడా ఒకటి. వాటికి సైబర్‌ భద్రత ఎన్నో వ్యాపారాల్లో ఒక భాగం మాత్రమే.

కొనాలనుకుంటే...

పేరున్న సైబర్‌ భద్రత ఈటీఎఫ్‌లు అమెరికా, ఐరోపా మార్కెట్లవి. వాటిని కొనడానికి రిజర్వు బ్యాంకు అనుమతించిన పథకం ఉంది. దాని ప్రకారం ఒకరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపొచ్చు. పెట్టుబడి కోసం పంపే సొమ్ము ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే, ఆ పైమొత్తం మీద 20 శాతం ముందస్తు పన్నుగా వసూలు చేస్తారు. రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ అప్పటిదాకా డబ్బు చేతిలో ఉండదు.

అమెరికా ఫండ్‌ ఇచ్చే డివిడెండ్‌లో 25 శాతం అక్కడే మినహాయిస్తారు. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద ఇక్కడ 12.5 శాతం పన్ను. చేతిలో ఒక్క యూనిట్‌ ఉన్నా ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాల్సిందే. మరో సంగతి చాలామందికి తెలియదు. అక్కడి ఆస్తి 60 వేల డాలర్లు దాటి ఉండగా యజమాని మరణిస్తే, వారసులు అమెరికాకు వారసత్వ పన్ను కట్టాల్సి రావచ్చు. బ్యాంకు రుసుములూ డాలరు మారకం ఖర్చులూ సరేసరి. నెలకు రెండుమూడువేలు దాచుకునేవారికి ఈ దారి గిట్టుబాటు కాదు.

అందుకే దీన్ని భోజనంలో ఆవకాయలా చూడాలి. అన్నం, పప్పు స్థానంలో ఉండాల్సింది అత్యవసర నిధి, బీమా, విస్తృత సూచీ ఫండ్‌. అవన్నీ అమరాక, ఐదారేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బులో కొద్దిభాగం ఇలాంటి ఫండ్‌లో పెట్టినా కంచం రుచి చెడదు.

కాపలాదారు వేషంలో దొంగ

ఇంకో ప్రమాదముంది. సైబర్‌ భద్రత షేర్ల మీద ఆసక్తి ఉన్నవారినే సైబర్‌ దొంగలు పట్టుకోవచ్చు! ‘విదేశీ ఫండ్‌లో పెడితే నెలకు ఇరవై శాతం’ అంటూ వాట్సాప్‌ గ్రూపులో చేర్చుకుంటారు. అచ్చం బ్రోకింగ్‌ సంస్థదిలాగే ఉన్న యాప్‌ ఇస్తారు. తెరమీద లాభాలు పెరుగుతూనే ఉంటాయి. తీసుకోబోతే పన్ను కట్టమంటారు, రుసుము కట్టమంటారు. కట్టేకొద్దీ అడుగుతారు. సెబీ నమోదు సంఖ్యను సెబీ వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి. వ్యక్తుల ఖాతాలకు డబ్బు పంపమంటే అది మోసమే. పంపేశాక తెలిస్తే పరువు పోతుందని ఇంట్లో దాచకుండా, వెంటనే 1930కి ఫోన్‌ చెయ్యాలి. ఎంత తొందరగా చెబితే సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

బహదూర్‌పల్లి ప్రాంగణంలో ఇప్పుడు ఇంజినీరింగ్‌ పిల్లలు చదువుకుంటున్నారు. ఆనాటి కుంభకోణం నాటికి వాళ్లు పసివాళ్లు. కొన్నాళ్లకు తొలి జీతం అందుకుంటారు, తొలి మదుపు చేస్తారు. ఆ భవనాలు నిలబడ్డాయి, అందులో పనిచేసినవాళ్ల ఉద్యోగాలు చాలావరకూ నిలబడ్డాయి. తిరిగి రానిది, ఒక్క పేరునే నమ్మి ఉన్నదంతా అందులో పెట్టిన ఇళ్ల సొమ్ము. తాళం ఎంత మంచిదైనా, ఇంట్లో సొత్తంతా ఒకే గదిలో పెట్టకూడదు కదా!