హవానా చుట్టకు కరవు - మన్యపు రైతుకు పాఠము

అన్నమునకు కరవు వచ్చినప్పుడు పేదవాడు పస్తుండును. మేలిచుట్టకు కరవు వచ్చినప్పుడు ధనికుడు రెట్టింపు వెల యిచ్చి కొనును. కొంతకాలముగా క్యూబా చుట్టల విషయమున జరుగుచున్న దిదియే. ఎక్కడి క్యూబా, ఎక్కడి అడ్డతీగల, ఈ రెంటికి పొత్తేమని పాఠకులు శంకింపవచ్చును. పొత్తు కలదు.

క్యూబాలో ప్రశస్తమైన ఆకు పడమటి కొసనున్న పినార్ దెల్ రియో సీమలో పండును. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుపాను ఆ సీమపై విరుచుకుపడి ఆకు ఆరవేయు కొట్టములను వేలకొలది కూల్చెను. ఎరువులు, చమురు, విద్యుత్తు చాలక సాగు అంతకు మునుపే కుంటుపడియుండెను. కోసిన ఆకు వెంటనే చుట్టకు పనికిరాదు. నీడను ఆర్చి, మాగవేసి, చిరకాలము నిలువచేయవలెను. కావున ఒక యేటి తుపాను దెబ్బ తరువాతి యేండ్ల అంగడిలో కానవచ్చును. మరియొకవంక చైనాలోని నూతన ధనికులు ఈ చుట్టలకై ఎగబడిరి. 2022లోనే కోహీబా మొదలగు మేలురకముల వెలను లోకమంతట హాంకాంగు వెలకు సమానముగా హెచ్చించిరి. సరకు చాలకున్నను రాబడి తగ్గలేదు. వానిని అమ్ము ఆబానోస్ సంస్థకు 2023లో 72 కోట్ల డాలర్లు, 2024లో 82 కోట్ల డాలర్లకు పైగా వచ్చెను.

ఈ ధనము రైతు గడప త్రొక్కెనా? క్యూబా రైతు తన పంటలో నూటికి తొంబది పాళ్లు ప్రభుత్వమునకు, అది కట్టిన ధరకే ఒప్పగింపవలెను. కరవు వలన పెరిగిన వెలలో సింహభాగము పెట్టెమీద ముద్ర వేయువానిదే.

ఇక మన యింటి సంగతి. గోదావరి లంకాకు చుట్టకు పేరుమోసినదైనను హవానా ముద్రకున్న వెల దానికి రాలేదు. తూర్పు గోదావరి మన్యమున పండు బర్లీయాకు కూడ నీడను ఆరునదే. కాని అది సిగరెట్లలో కలియునది. ఒక ఆకునకు కరవు వచ్చిన మాత్రమున వేరొక ఆకునకు గిరాకి రాదు. హవానా చుట్ట దొరకదని ధనికులు వాపోవుచున్న కాలముననే, 2025లో, మన కోస్తా జిల్లాలలో నల్లబర్లీ కొనువారు లేక మూలబడెను. ముందటేటి ధర చూచి రైతులు మితిమీరి వేయుటయే ముఖ్యకారణము. తుదకు మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే కొనవలసి వచ్చెను.

పల్లపు ఆసాములకు ఒక మాట. పొగాకు ధర పెరిగినదని వినగానే కొండభూములు కౌలుకు పుచ్చుకొన తలపెట్టుట ధర్మము గాదు, చట్టసమ్మతమును గాదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, 1970 సవరణతో, షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరులకు చేయు బదిలీ చెల్లదని శాసించినది. కౌలును బదిలీయే. బినామీ పేరున వ్రాయించుకొన్నను దోషము దోషమే.

కొండరైతునకు మేలు కోరువారు చేయవలసినది వేరు. నారు పోయకమునుపే కొనువానిచేత ధర వ్రాయింపవలెను. పెట్టుబడి యిచ్చినవాడే తూకము, తరగతి, వెల నిర్ణయించినచో రైతు తన పొలమున తానే కూలి యగును. తేనె, చింతపండు వంటివి కొనుటకు 1956 నుండి గిరిజన సహకార సంస్థ యున్నది. పొగాకు రైతునకును అట్టి అండ యుండవలెను. అన్నిటికంటె ముందు చోళ్లు, సామలు, కందులు గాదె కెక్కవలెను. పొగ మానుడని లోకమంతయు బోధించుచున్న కాలమున, దానినే నమ్మి తిండిగింజలు విడుచుట ఆత్మహాని.

1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు తన దండుతో అడ్డతీగల పోలీసు ఠాణాపై పడెను. అడవిపై హక్కును, చెమటకు తగిన కూలిని దొరతనము హరించుటయే నాడు మన్యము మండుటకు హేతువు. దొరతనము పోయినది. చెమటకు వెల కట్టువాడెవ్వడను ప్రశ్న మాత్రము కొండరైతు ముంగిట నేటికిని నిలిచియే యున్నది.