ఉక్కుపెట్టెలో నల్లకోటు

యుద్ధం సినిమాల్లో చూసే ఉంటారు. ట్యాంకు పైమూత తెరుచుకుంటుంది. నల్లటి పొట్టి కోటు, చెవులకు హెడ్‌ఫోన్లు, గొంతుకు మైకు కట్టుకున్న జర్మన్ సైనికుడొకడు తల బయటపెడతాడు. మిగతా సైన్యమంతా ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు దుస్తుల్లో ఉంటే, వీళ్లకు మాత్రం నలుపెందుకు? శత్రువును భయపెట్టడానికే అనుకుంటాం. అసలు కారణం ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు... గ్రీజు మరకలు!

ఇంజిన్ ఆయిలు, గ్రీజు, మసి... ట్యాంకులో పనిచేసేవాడి ఒంటికి అంటనిదేముంది? అందుకే 1934లో ఈ దళాలకు ప్రత్యేకంగా నల్ల ఉన్ని దుస్తులిచ్చారు. కోటు నడుం దాకానే. పైకి జేబులుండవు. రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ల ప్రధాన ట్యాంకుల్లో అయిదుగురు ఉండేవారు. చుట్టూ ఫిరంగి గుళ్లు, మీటలు, పిడులు. మామూలప్పుడు జేబు దేనికైనా తగులుకుంటే చిరుగుతుంది, అంతే. ట్యాంకు అంటుకున్నప్పుడు తగులుకుంటే? బయటపడటానికి మిగిలేది కొన్ని సెకన్లే మరి!

మొదట్లో తలకు దెబ్బ తగలకుండా లోపల మెత్త కుట్టిన పెద్ద టోపీ కూడా ఇచ్చారు. చూడ్డానికి బాగానే ఉండేది కానీ దానిమీద హెడ్‌ఫోన్లు సరిగ్గా కూర్చోవు. దాంతో యుద్ధం మొదలైన కొద్దికాలానికే అది మూలనపడింది.

కాలరు మీద పుర్రె గుర్తుకు మాత్రం వాడకంతో సంబంధం లేదు. పాత ప్రష్యా గుర్రపు దళాల నుంచి వచ్చిన ఆనవాయితీ అది. దాని చుట్టూ గులాబీరంగు అంచు! హిట్లర్ ఎస్ఎస్ దళాలదీ పుర్రె గుర్తే కావడంతో, పట్టుబడిన ట్యాంకు సైనికులను ఎస్ఎస్‌వాళ్లని పొరబడ్డ సందర్భాలున్నాయి. 1944లో నార్మండీలో పోరాడిన కొందరు ఎస్ఎస్ ట్యాంకు సైనికులైతే, ఇటలీలో దొరికిన నౌకాదళ తోలు దుస్తులు వేసుకున్నారు. మంటల నుంచి ఉన్ని కన్నా తోలే నయమని.

ఇక బూట్లు. పదాతి సైనికుల పొడుగు బూట్లకు అడుగున ఇనుప మేకులుండేవి. మట్టిలో అవి పట్టునిస్తాయి. ఉక్కు మీద సర్రున జారతాయి. మొదట్లో ట్యాంకువాళ్లూ అలాంటి పొడుగు బూట్లే తొడిగేవారు. తర్వాత చీలమండ దాకా వచ్చే లేసుల బూట్లు వచ్చాయి. ప్యాంటు అంచుల్ని చీలమండ దగ్గర బిగించి కట్టుకునేవారు.

1941 శీతాకాలంలో రష్యా మంచు ఈ బూట్లన్నిటినీ ఓడించింది. బిగుతుగా ఉండే తోలు, చలిని నేరుగా పాదానికి చేరవేసే మేకులు. రష్యా సైనికులేమో వదులుగా ఉండే నొక్కుడు ఉన్ని బూట్లలో నడిచేవారు. ఆ డిసెంబరు 20న ప్రచారమంత్రి గోబెల్స్ రేడియోలో సొంత ప్రజలనే వెచ్చని దుస్తులిమ్మని అడగాల్సి వచ్చింది. ఆ చలికాలపు పోరుకు ఇచ్చిన పతకానికి సైనికులు పెట్టుకున్న ముద్దుపేరు... 'గడ్డకట్టిన మాంసం పతకం'.

అప్పటికే జర్మనీలో తోలుకు కరవు. తోలుకు బదులు వేరే సరుకుతో బూట్ల అడుగులు చేయాలి. అవి ఎంతకాలం మన్నుతాయో ఎలా తెలియాలి? బెర్లిన్‌కు ఉత్తరాన ఉన్న సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరంలో 1940లో ఇందుకోసం ఓ ట్రాకు వేశారు. కొంత మేర కాంక్రీటు, కొంత ఇసుక, కొంత కంకర, కొంత బురద. దానిమీద ఖైదీలను నడిపించేవారు, కొత్త బూట్లు తొడిగి, వీపున బరువులు పెట్టి. రోజుకు నలభై కిలోమీటర్ల దాకా! అరకడుపు తిండితో నడవలేక ఎందరో కూలిపోయారు. అరిగిన అడుగుల లెక్క మాత్రం పద్ధతిగా రాసుకునేవారు.

ఆ శిబిరం ఇప్పుడు స్మారక కేంద్రం. అక్కడికి వెళ్లినవారు ఆ ట్రాకులో మిగిలిన భాగాన్ని ఇప్పటికీ చూడొచ్చు.