మాత్రల లెక్క, పురుగుల లెక్క

పిల్లవాడు నిద్రలో పళ్లు కొరికితే కడుపులో పురుగులున్నాయంటారు. బెల్లం ఎక్కువ తింటే పురుగులు పడతాయంటారు. ఈ రెండు మాటలకూ ఆధారం లేదు. పురుగు తీపిలోంచి పుట్టదు, మనిషి మలం కలిసిన మట్టిలోంచి వస్తుంది. ఆడ ఏలికపాము రోజుకు సుమారు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటపడి, తేమగా, నీడగా ఉన్న నేలలో రెండు మూడు వారాలు గడిపితే గాని ఇంకొకరికి అంటుకునే దశకు రావు. ఆ తర్వాత పిల్లల గోళ్లలోంచో, సరిగా కడగని ఆకుకూరలోంచో నోట్లోకి చేరతాయి. పేగులో బయటికొచ్చిన పిల్లపురుగు అక్కడే ఉండిపోదు. రక్తంలో పడి కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు వెళ్లి, గొంతులోకి ఎక్కి, మళ్లీ మింగుడుపడి పేగుకు తిరిగొస్తుంది. కొంకిపురుగుది ఇంకో దారి. దాని లార్వా చెప్పుల్లేని పాదం చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. ఈ కథలో గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది. ఈ పురుగులు కడుపులో సంతతిని పెంచుకోలేవు. ఒక బిడ్డ కడుపులో ఇరవై పురుగులుంటే, ఆ ఇరవై ఒక్కొక్కటిగా బయటినుంచి వచ్చినవే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం మట్టి ద్వారా వ్యాపించే ఈ పురుగులు సుమారు 150 కోట్లమందిలో ఉన్నాయి. చాలామందికి ఆ సంగతే తెలియదు, ఎందుకంటే నాలుగైదు పురుగులున్న పిల్లవాడికి పైకి ఏమీ కనిపించదు. కీడు సంఖ్యతో పెరుగుతుంది. ఒక్కో కొంకిపురుగు వల్ల, దాని జాతిని బట్టి, రోజుకు 0.03 నుంచి 0.2 మిల్లీలీటర్ల దాకా రక్తం పోతుంది. వింటే చుక్కంత. కానీ వంద పురుగులు నెలల తరబడి పేగును పట్టుకుని ఉంటే, అరకొర తిండి తినే పిల్ల ఒంట్లో ఇనుము మిగలదు. ముఖం పాలిపోతుంది, ఆటలో ఆయాసం వస్తుంది, పాఠం మీద ధ్యాస నిలవదు. ఏలికపాములు ఎక్కువైతే ఆకలి చచ్చిపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు. మరీ ముదిరితే ఉండలుగా చుట్టుకుని పేగుకు అడ్డంపడి ఆపరేషన్ దాకా తెస్తాయి. అలాగని పాలిపోయిన ప్రతి బిడ్డకూ పురుగులే కారణమనుకోకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం తేలింది. అందులో తిండిలో ఇనుము లేకపోవడం వాటా పెద్దది. పురుగులు ఆ లోటును ఇంకా లోతు చేస్తాయి.

దేశంలో 2015 నుంచి ఫిబ్రవరి 10న నులిపురుగుల నివారణ దినోత్సవం జరుపుతున్నారు. పురుగులు ఎక్కువున్న చోట ఆగస్టులో రెండో విడత కూడా ఉంటుంది. ఏడాది నుంచి పందొమ్మిదేళ్ల దాకా బడిలో, అంగన్‌వాడీలో 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. రెండేళ్లలోపు వారికి సగం మాత్ర, అదీ పొడిచేసి నీళ్లలో కలిపి. పరీక్ష చేయకుండా ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు మందెందుకని తల్లిదండ్రులు అడిగితే అందులో తప్పేమీ లేదు. ఒక్కో పిల్లవాడి మలాన్ని పరీక్షించడానికయ్యే ఖర్చు మాత్ర ఖరీదుకు ఎన్నో రెట్లు. మాత్ర మాత్రం దశాబ్దాలుగా కోట్లమంది వాడినది. పురుగులు ఎక్కువున్న వారికి కొంతసేపు కడుపునొప్పి, వికారం రావచ్చు. జ్వరంతో ఉన్నవారికి ఆ రోజు వేయరు, వారి కోసం కొద్దిరోజులకు మరో రోజు పెడతారు. ఈ ఆక్షేపణకు ఇంతకుమించిన బలం లేదు.

బలమైన ఆక్షేపణ పరిశోధకుల నుంచే వచ్చింది. కెన్యాలోని బుసియా ప్రాంతంలో 75 బడుల్లో జరిగిన అధ్యయనంలో పురుగుల మందు ఇచ్చాక బడి మానేసే రోజులు నాలుగోవంతు తగ్గాయని ఆర్థికవేత్తలు మైకేల్ క్రెమర్, ఎడ్వర్డ్ మిగెల్ 2004లో ప్రకటించారు. క్రెమర్‌కు 2019లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈలోగా 2015లో మరికొందరు అవే లెక్కలు తిరిగి చేసి కొన్ని పొరపాట్లు చూపించారు, వాదం పత్రికలకెక్కింది. వైద్య ఆధారాలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్షలు పదుల కొద్దీ ప్రయోగాలను కలిపి చూసి, ఊరందరికీ మాత్ర వేస్తే సగటు బరువులో, హిమోగ్లోబిన్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది చిన్నపిల్లలపై ఐదేళ్లు సాగి, 2013లో వెలువడిన ప్రయోగంలోనూ మరణాలు తగ్గలేదు. అయితే మాత్ర దండగా? నా అభిప్రాయంలో కాదు. పురుగులు అందరిలో సమానంగా ఉండవు. ఊళ్లో ఉన్న పురుగుల్లో అత్యధిక భాగం కొద్దిమంది పిల్లల కడుపుల్లోనే ఉంటుంది. ఆ కొద్దిమందికి కలిగిన మేలు వందలమంది సగటులో కలిసి కనిపించకుండా పోతుంది. అయితే ఈ సమాధానం అన్నిటినీ కప్పేయదు. ఒక్క మాత్రతో మార్కులు పెరుగుతాయని, జీతాలు పెరుగుతాయని చేసిన ప్రచారం ఆధారాన్ని మించిపోయింది. పైగా అదే నేల, అదే అలవాట్లు ఉన్నచోట ఏడాది తిరిగేసరికి పురుగులు చాలావరకు మళ్లీ చేరుకుంటాయి. మాత్ర కడుపును ఖాళీ చేస్తుంది, నేలను కాదు.

అలాగైతే మరుగుదొడ్లు కట్టేస్తే సరిపోతుందిగా అనేవారికి ఒడిశా అనుభవం చెప్పాలి. పూరీ జిల్లాలో వంద గ్రామాలను తీసుకుని, సగం గ్రామాల్లో మరుగుదొడ్ల కార్యక్రమం నడిపారు. అక్కడ మరుగుదొడ్డి ఉన్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. 2014లో ఫలితాలు వచ్చాయి: విరేచనాలు తగ్గలేదు, పురుగులూ తగ్గలేదు. గది కట్టినంత మాత్రాన ఇంటిల్లిపాదీ దాన్ని వాడరు. మంచం పట్టిన ముసలాయన, చంటిపిల్లల మలం, పొలానికెళ్లినవారు, ఇవేవీ ఆ లెక్కలోకి రావు. అక్కడ గదుల్ని లెక్కపెట్టారు, ఇక్కడ మనం మాత్రల్ని లెక్కపెడుతున్నాం. దక్షిణ కొరియా లెక్క వేరు. 1971లో అక్కడి జనంలో 84 శాతం మంది మలంలో పురుగుల గుడ్లు కనిపించాయి. 1997 నాటికి అది 2.4 శాతం. ఆ దేశం 1966లో చట్టం చేసింది. 1969 నుంచి బడిపిల్లలందరి మలాన్ని ఏటా రెండుసార్లు పరీక్షించి, గుడ్లు కనిపించినవారికి మందిచ్చింది. అదే కాలంలో కొరియా ధనవంతమైంది కదా, ఆ ఘనత పరీక్షలదెలా అవుతుందని అడగవచ్చు. నిజమే. మలాన్ని ఎరువుగా చల్లడం మానారు, ఇళ్లు బాగుపడ్డాయి, ఆ వాటా చిన్నది కాదు. కానీ ఏ ఏడు ఎంత తగ్గిందో వారికి తెలుసు, ఎక్కడ తగ్గలేదో కూడా తెలుసు.

అందరినీ పరీక్షించే స్తోమత మనకు అక్కర్లేదు. జిల్లాకు కొన్ని బడుల్ని ఎంచుకుని, రెండేళ్లకోసారి అవే బడుల్లో పిల్లల మలాన్ని సూక్ష్మదర్శినితో చూసి, ఆ ఫలితాన్ని ఊళ్లవారీగా బయటపెడితే చాలు. గుడ్లు తగ్గని ఊళ్లో లోపం ఎక్కడుందో అప్పుడు వెతకవచ్చు: బడి మరుగుదొడ్డికి నీళ్లు లేకనా, సెప్టిక్ ట్యాంకు లారీ చెరువుగట్టున కుమ్మరిస్తోందా, మాత్రలు రికార్డులోనే మింగుతున్నారా. ఫిబ్రవరి 10న మీ పిల్లలకు మాత్ర తప్పకుండా వేయించండి, అది నమిలి మింగేదాకా చూడండి. గోళ్లు కత్తిరించండి, చెప్పులు వేయండి, చంటిబిడ్డ మలాన్ని కూడా మరుగుదొడ్లోనే వేయండి. ఆ తర్వాత గ్రామసభలో, వార్డు సమావేశంలో ఒక ప్రశ్న అడగండి: మన బడి పిల్లల్లో పురుగులు కిందటిసారి ఎంత, ఇప్పుడెంత?