గంట గడిస్తే ఏడేళ్లు... స్పేస్ సినిమాల్లో అసలు టికెట్ ధర ఇదే!

స్పేస్ సినిమా అనగానే చాలామందికి రాకెట్లు, లేజర్ గన్లు, వింత ఏలియన్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం గోడ గడియారం గుర్తొస్తుంది. ఎందుకంటే నాకు నచ్చిన స్పేస్ సినిమాలన్నింటిలో విలన్ ఒక్కడే... టైమ్!

'ఇంటర్‌స్టెల్లార్' సంగతే చూడండి. 2014లో వచ్చిన ఈ క్రిస్టఫర్ నోలన్ సినిమా పదేళ్ల తర్వాత కూడా హాళ్లు నింపింది. బయటి దేశాల్లో రీరిలీజ్ 2024 డిసెంబర్‌లోనే అయిపోయింది. మన దగ్గర అప్పుడు ఐమాక్స్ తెరల మీద 'పుష్ప 2' నడుస్తుండటంతో 2025 ఫిబ్రవరి 7 దాకా ఆగాల్సి వచ్చింది. ఆగినా జోరు తగ్గలేదు. జనం మళ్లీ మళ్లీ వెళ్లింది బ్లాక్ హోల్ కోసమే అంటే నేను నమ్మను.

(ఇక్కడి నుంచి స్పాయిలర్లు ఉంటాయి. చూడనివాళ్లు ముందు సినిమా చూసి రండి!)

హీరో కూపర్ పదేళ్ల కూతురు మర్ఫ్‌ని ఇంట్లో వదిలి, మనుషులు బతకగలిగే మరో గ్రహాన్ని వెతుక్కుంటూ వెళ్తాడు. మొదట దిగిన గ్రహం నిండా నీళ్లే. పక్కనే గార్గాంటువా అనే భారీ బ్లాక్ హోల్. అక్కడ గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు. గబగబా పని ముగించుకుని వచ్చేద్దాం అనుకుంటారు. ఈలోపు కొండంత అల మీద పడుతుంది, ఇంజిన్లలోకి నీళ్లు చేరతాయి. తిరిగి షిప్ ఎక్కేసరికి భూమ్మీద 23 ఏళ్లు దాటిపోతాయి. షిప్‌లో కాపలా ఉన్న రోమిలీ గడ్డం నెరిసి ఎదురొస్తాడు.

తర్వాత కూపర్ స్క్రీన్ ముందు కూర్చుని ఇన్నేళ్లుగా ఇంటి నుంచి వచ్చిన వీడియో మెసేజ్‌లు ఒక్కొక్కటీ చూస్తాడు. కొడుకు పెద్దవాడవుతాడు, పెళ్లవుతుంది, తండ్రవుతాడు, బిడ్డను పోగొట్టుకుంటాడు. చివర్లో మర్ఫ్ కనిపిస్తుంది. తండ్రి వెళ్లినప్పుడు ఆయనకెంత వయసో, ఇప్పుడు ఆమెకూ అంతే. ఆ సీన్‌లో గ్రాఫిక్స్ లేవు, ఫైట్ లేదు. ఒక మనిషి ఏడుస్తుంటాడు, అంతే.

'గంటకి ఏడేళ్లా? మరీ ఇంత కోతా?' అనుకోకండి. ఈ సినిమాకి సైన్స్ సలహాలిచ్చింది కిప్ థోర్న్. 2017లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. నోలన్ ఈ లెక్క అడిగినప్పుడు ఆయన మొదట కుదరదనే అనుకున్నారు. ఇంటికెళ్లి లెక్కలు కడితే, బ్లాక్ హోల్ గరిష్ఠ వేగానికి దగ్గరగా తిరుగుతుంటే సాధ్యమేనని తేలింది. గురుత్వాకర్షణ ఎంత బలంగా ఉంటే టైమ్ అంత నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ వందేళ్ల కిందటే చెప్పారు కదా!

అంత దూరం ఎందుకు, మీ చేతిలోని ఫోన్ చూడండి. జీపీఎస్ శాటిలైట్లు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి వాటి గడియారాలు రోజుకి 45 మైక్రోసెకన్లు ముందుకెళ్తాయి. వేగంగా తిరుగుతున్నందుకు 7 వెనక్కి తగ్గుతాయి. నికరంగా 38 మైక్రోసెకన్ల తేడా. దాన్ని సరిచేయకపోతే ఒక్క రోజులోనే సుమారు 10 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. అమీర్‌పేటలో ఉన్న మిమ్మల్ని మ్యాప్ కూకట్‌పల్లి అవతల చూపిస్తుంది. మీ బిర్యానీ కూడా అక్కడికే పోతుంది!

ఈ కథ మనకి మరీ కొత్తేం కాదు. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి మహారాజు కూతురు రేవతికి తగిన వరుణ్ని అడగడానికి బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ పాట జరుగుతోందని కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. ఆయన మనసులో అనుకున్న పెళ్లికొడుకులు, వాళ్ల మనవలు, ఆఖరికి వాళ్ల వంశాల పేర్లు కూడా మిగల్లేదు. దీన్ని పట్టుకుని 'ఐన్‌స్టీన్ కంటే ముందే మనవాళ్లు' అని వాట్సాప్ ఫార్వర్డ్ చేయకండి ప్లీజ్. కకుద్మి దగ్గర లెక్కలు లేవు. దూరం వెళ్లి వచ్చేసరికి మనవాళ్లు ఉండరేమో అన్న భయం మాత్రం ఉంది. కూపర్‌దీ అదే భయం.

ఆ భయం మా ఇంట్లోనూ ఉంది. మా అక్క డల్లాస్ వెళ్లి తొమ్మిదేళ్లు. ఓసారి ఇంట్లో ఈ సినిమా పెడితే అమ్మ కాసేపు కూర్చుంది. బ్లాక్ హోల్ ఏంటో, వార్మ్ హోల్ ఏంటో ఆమెకి అక్కర్లేదు. మెసేజ్‌ల సీన్ అయ్యాక ఒక్క మాటే అంది: "వెళ్లినోళ్లకి గంటే రా, ఉన్నోళ్లకే ఏడేళ్లు." కిప్ థోర్న్ పుస్తకం మొత్తం చదివినా నాకింత సూటిగా అర్థం కాలేదు.

నిజం వ్యోమగాములదీ ఇదే పరిస్థితి. సునీతా విలియమ్స్ 2024 జూన్‌లో సుమారు 8 రోజుల పని మీద వెళ్లి, 286 రోజుల తర్వాత 2025 మార్చిలో దిగారు. ఐన్‌స్టీన్ లెక్కలో ఆమెకి మిగిలిన వయసు సెకనులో వందో వంతు కూడా ఉండదు. ఇంట్లోవాళ్ల క్యాలెండర్‌లో మాత్రం తొమ్మిది నెలలు. రేపు మార్స్‌కి వెళ్లేవాళ్లకి ఇంకా కష్టం. అక్కడి నుంచి 'హలో' అంటే అది మనకి చేరడానికే గ్రహాల దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. జవాబుకి మళ్లీ అంతే. బ్లూ టిక్ రెండు నిమిషాలు లేటైతేనే గొడవపడే మనం ఆ కాల్ తట్టుకోగలమా?

తెలుగులో సంకల్ప్ రెడ్డి, వరుణ్ తేజ్ 2018లోనే 'అంతరిక్షం' తీసి దారి వేశారు. ఇప్పుడు గ్రాఫిక్స్‌లో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. కాబట్టి నాదో చిన్న కోరిక. ఈసారి ఎవరైనా కెమెరాని రాకెట్‌లో కాకుండా వాకిట్లో పెట్టండి. కొడుకు ఆకాశంలో ఉంటే ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకునే ఓ తల్లి కథ చెప్పండి. ఫస్ట్ డే ఫస్ట్ షోకి మా అమ్మని నేను తీసుకొస్తా!