మెచ్చిన గ్రంథము, చదివిన గ్రంథము

సర్వకాలములందును మీకు మిక్కిలి ప్రీతిపాత్రమైన గ్రంథ మేది యను ప్రశ్న పదిమంది అక్షరాస్యులు చేరిన చోట నెన్నడో యొకనాడు పుట్టక మానదు. గుంటూరు మిర్చియార్డులో టిక్కీల తూకము ముగిసిన పిదపను, పత్తిమిల్లుల అరుగులమీదను, గ్రంథాలయముల వసారాలలోను ధరవరల ముచ్చట తీరగనే యీ ముచ్చట యారంభమగును. ఒకరు కవిత్రయ భారత మందురు. వేరొకరు పోతన భాగవత మందురు. కన్యాశుల్కమును మించినది లేదని మరియొకరు బల్ల గుద్దుదురు. ఆంగ్లవిద్య నభ్యసించినవారు టాల్‌స్టాయిని ముందునకు దెత్తురు. వేయిపడగలు పక్షము వారికిని, మహాప్రస్థానము పక్షము వారికిని పొత్తు కుదురదు. కాఫీ చల్లారును, ఎవరి పక్షమున వారే విజయులై యిండ్లకు బోవుదురు.

ఇట్టి వాదమును వట్టి కాలక్షేపమని త్రోసివేయు పెద్దలతో మే మేకీభవింపజాలము. తన కిష్టమైన గ్రంథము పేరు చెప్పుటలో మనుష్యుడు తన్ను గూర్చి తానే సాక్ష్య మిచ్చుచున్నాడు. ఆ సాక్ష్యము సత్యమా, కాదా యనునదే విచారింపవలసిన విషయము.

ఈ వాదము మన దేశమున మాత్రమే పుట్టినది కాదు. 1886లో సర్ జాన్ లబ్బక్కు అను ఆంగ్లేయ విద్వాంసుడు లండనులో శ్రామికుల కళాశాల యందు ప్రసంగించుచు, చదువదగిన గ్రంథములు నూరింటిని పేర్కొనెను. ఒక పత్రిక యా పట్టికను దేశములోని ప్రముఖుల యభిప్రాయమునకు బంపగా పెద్ద రభస జరిగెను. జాన్ రస్కిన్ మహాశయుడు కలము చేతబట్టి డార్విన్, గిబ్బన్ మొదలగువారి పేర్లను నిర్దాక్షిణ్యముగా కొట్టివేసెను. మన రామాయణ భారతము లా పట్టికలో నుండుట నిజమే. కాని యొక ఆంగ్ల చరిత్రకారుని సంగ్రహరూపమున మాత్రమే యుండెను. తెలుగు గ్రంథ మొక్కటియు లేదు. పట్టిక వ్రాయువాని కిటికీలోనుండి యెంత లోకము కనబడునో యంతయే పట్టికలోనికి వచ్చును.

ఇరువదవ శతాబ్దము ముగియు వేళ మనవారును ఈ పనికి బూనుకొనిరి. వెల్చేరు నారాయణరావుగారు, జంపాల చౌదరిగారు పలువురి యభిప్రాయములను సేకరించి ఆ శతాబ్దపు తెలుగు పుస్తకములలో మేలైనవి నూరింటి పట్టిక కూర్చిరి. విజయవాడ ఆకాశవాణి వారు శతవసంత సాహితీ మంజీరాలను పేర నూరు గ్రంథములను గూర్చి ప్రసంగములు చేయించిరి. గుంటూరు, ఒంగోలు ప్రాంతముల పల్లెలలో రేడియో కడ గూర్చుండి పుస్తకమును గూర్చి వినుట యొక మంచి యలవాటు. విన్నవా రందరును ఆ నూరింటిని చదివిరా యని యడుగుట మాత్రము మర్యాద కాదు.

మాకు దోచినంతవరకు ఈ ప్రశ్నకు వచ్చు ప్రత్యుత్తరములు మూడు తెగలు. గౌరవముచేత చెప్పునవి మొదటివి. భారతము పేరు చెప్పినవా రెల్లరును పదునెనిమిది పర్వములు చదివినవారు కారు. పదిమంది మెచ్చిరని చెప్పునవి రెండవవి. తన బ్రతుకులో నొక మలుపు దెచ్చినదని చెప్పునవి మూడవవి. ఈ మూడవ తెగ మిక్కిలి అరుదు. విలువగలదియు నదియే.

దీనికి మేలైన నిదర్శనము లోకవిదితమే. 1904లో దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గునుండి డర్బనునకు రైలులో బోవుచున్న గాంధీగారికి మిత్రుడు పోలక్కు ఒక చిన్న పుస్తకము నిచ్చెను. అది పట్టికలు కొట్టివేసిన ఆ రస్కిన్ మహాశయుడు వ్రాసిన అంటూ దిస్ లాస్ట్. గాంధీగారు దానిని క్రింద బెట్టక చదివి, ఆ రాత్రి నిదురపట్టక, అందలి సూత్రముల ననుసరించి జీవితమును మార్చుకొన నిశ్చయించిరి. ఆ సంవత్సరమే ఫీనిక్సు ఆశ్రమము వెలసెను. 1908లో ఆ గ్రంథ సారమును సర్వోదయమను పేర గుజరాతీలో వెలయించిరి. అది లోకములోని గ్రంథములలో నుత్తమమైనదని యెవ్వరు ననరు. అయినను దానిని చదివినట్లు చదివినవా డొక్కడు చాలెను.

ఇక మన నల్లరేగడి సీమ సంగతి. ఇది పుస్తకములకు గొడ్డుపోయిన నేల కాదు. అద్దంకి ప్రభువు ప్రోలయ వేమారెడ్డి యాశ్రయమున ఎఱ్ఱాప్రగడ హరివంశమును రచించెను. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును పూరించినవాడు నాతడే. సత్తెనపల్లి ప్రాంతమువాడగు ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైలులో నుండి మాలపల్లి వ్రాసిరి. వినుకొండలో బుట్టిన జాషువగారు 1941లో గబ్బిలమును వెలువరించిరి. ఆలయమున నడుగుపెట్ట వీలులేనివాడు తన మొర విశ్వనాథునకు నివేదింపుమని, ఆలయమున యథేచ్ఛగా దిరుగు గబ్బిలమును వేడుకొనుట అందలి విషయము. ఉత్తమ గ్రంథముల పట్టికలలో మాలపల్లియు గబ్బిలమును తప్పక కనబడుచుండును. సంతోషమే.

కాని మాలపల్లి కథను గుర్తు దెచ్చుకొందము. 1922లో అచ్చైన ఆ గ్రంథమును 1923లో మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. 1928లో సడలిన నిషేధము 1936లో మరల వచ్చి, 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదప తొలగెను. మాల కుటుంబము నాయకస్థానమున నిలుచుట, కూలీల పక్షమున నిలిచిన సంగదాసు భూస్వామి చేతిదెబ్బకు బలియగుట ఆ ప్రభుత్వమునకు సహింపరానివాయెను. గ్రంథములోని శక్తిని సరిగా గుర్తించిన మొదటి విమర్శకులలో పరప్రభుత్వ మొకటియని యొప్పుకొనవలయును. భయపడినవాడు శ్రద్ధగా జదువును. మెచ్చుకొనువాడు కొండొకచో చదువకయే మెచ్చును.

మా పాఠకులలో భూమి గలవారు పెక్కుమంది. వారికి మేము చేయు విన్నప మిదియే. మిరపకోతల కాలమున కర్నూలు ప్రాంతమునుండి కుటుంబములతో వలసవచ్చు కూలీలు మన చేలగట్ల ప్రక్కనే గుడిసెలు వేసికొందురు. బడిలో నుండవలసిన పిల్లలు కాయ లేరుచుందురు. మాలపల్లి నా యభిమాన గ్రంథమని పలుకు రైతు ఆ సాయంకాలము తన చేని గట్టున నిలిచి, కూలి న్యాయముగా ముట్టినదా, త్రాగునీరున్నదా, పిల్లవాడు బడికి బోవుచున్నాడా యని యొకసారి విచారించునెడల ఆ గ్రంథమును చదివినవాడని మేము నమ్ముదుము. లేనియెడల అది బీరువా యందలి యలంకారము మాత్రమే. కాయ ధర పడిపోయినపుడు రైతు పడు బాధ మే మెరుగనిది కాదు. పెట్టుబడికి దెచ్చిన యప్పు రైతును నిదురబోనీయదు. ఐనను ఆ భారమును తనకంటె బలహీనునిపై దించుట న్యాయమగునా యని మాలపల్లి ప్రశ్నించుచున్నది. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటయే నిజమైన పఠనము.

పట్టికలయందు మరియొక లోపము గలదు. ఇంటిలోని స్త్రీల యిష్టమును వీధి యరుగు లడుగవు. బాపట్లవాస్తవ్యురాలగు కనుపర్తి వరలక్ష్మమ్మగారు గృహలక్ష్మి పత్రికలో శారదలేఖలను ప్రకటించుచుండగా, ఉత్తరముల రూపమున లోకజ్ఞానము వంటయింటి గడప దాటి లోనికి బోయెను. ఏ పర్వమును చదువని తల్లులు పురాణకాలక్షేపములలో విని విని భారతకథను కంఠస్థము చేసికొనిరి. అభిమాన గ్రంథమును గూర్చిన వాదము మగవారి సభతోడనే ముగియునెడల సగము సాక్ష్యము వినకయే తీర్పు చెప్పినట్లగును.

మరి పుస్తకమే చేతికందనిచో వాద మేల? మన పూర్వులు దీనికి ముందుగనే జవాబు చెప్పిరి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము స్థాపింపబడెను. 1929లో గాంధీమహాత్ముడు దాని నూతన భవనమునకు శంకుస్థాపన చేసిరి. పాతపత్రికల సంపుటములకై నేటికిని పరిశోధకు లచ్చటికే పోవలయును. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పుస్తకముల పడవను నడిపించిరి. పాఠకుడు పుస్తకముకొరకు రానిచో, పుస్తకమే నీటిమీద పాఠకునికొరకు బోయెను.

ఇట్టి సీమలో నేటి స్థితి యెట్లున్నది? 1960 నాటి గ్రంథాలయ శాసనము ననుసరించి ఇంటిపన్నుతో గూడ గ్రంథాలయపు సెస్సు వసూలగుచునే యున్నది. ఆ సొమ్మును స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థల కప్పగింపక నిలుపుకొనుచున్నవను ఫిర్యాదు ఏటేట వినవచ్చుచున్నది. శాఖా గ్రంథాలయములలో దినపత్రికలు చదువుటకును, ఉద్యోగపరీక్షలకు సిద్ధమగుటకును వచ్చువారు గలరు, అదియు మేలే. కాని కొత్త పుస్తకములు రానిచోట కొత్త పాఠకులెట్లు పుట్టుదురు? పన్ను చెల్లించిన గృహస్థుడు రోడ్డును గూర్చి యడుగును, దీపమును గూర్చి యడుగును. పుస్తకమును గూర్చి యడుగుట మరచెను. అడుగుట యాతని హక్కు. తాను కట్టిన సొమ్మే యది.

కావున పాఠకమహాశయులు ఈ వాదమును మానవలదు. మరింత గట్టిగా వాదింపుడు. అయితే అభిమాన గ్రంథము పేరు చెప్పునపుడు రెండు మాటలు చేర్చి చెప్పుడు: దానిని చదివి నే నిది చేసితిని; దానిని చదువుమని ఫలాన వాని కిచ్చితిని. మొదటి మాట చెప్పలేనివారు గ్రంథమును మరియొకమారు చదువుదురు గాక. రెండవ మాట చెప్పలేనివారు ఒక ప్రతిని కొని తమ యూరి గ్రంథాలయమునకో, బడికో యిత్తురు గాక. ఆ ప్రతి పుటలు నలిగి, అట్ట చిరిగిన నాడు, ఆ గ్రంథ ముత్తమమా కాదా యను సంగతి ఆ యూరివారే తేల్చుదురు.