మాడిన మామిడి మొక్కలు మళ్ళీ చిగిర్చిన వైనం

మన హాస్టల్ వెనక పెరట్లో ఉన్న మామిడి చెట్లను చూసి పాత బ్యాచ్ అన్నలు "ఇవి మేము నాటినవేనా?" అని అడుగుతుంటారు. అవే. కాకపోతే రెండు తక్కువ. ఆ రెండూ ఎలా పోయాయో, మిగిలిన ఐదూ ఎలా బతికాయో ఈ సంచికలో చెప్పాలనుకున్నాం.

2021 వర్షాకాలంలో అన్నలు ఏడు అంటు మామిడి మొక్కలు నాటారు. 2023 జనవరి చలి మన చింతపల్లి వైపు వాళ్ళందరికీ గుర్తే. అప్పుడు మేము ఏడో తరగతి. లంబసింగికి కొర్రబయలు అనే పేరు ఊరికే రాలేదు. రాత్రి బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని పెద్దలు చెబుతారు. మేము దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం, మొక్కల సంగతి ఎవరికీ తోచలేదు. తెల్లవారి చూస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు. నాలుగు రోజుల్లో మామిడి ఆకులు సెగ తగిలినట్టు మాడిపోయాయి.

మబ్బు, గాలి లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి పల్లంలోకి జారుతుంది. లేత కొమ్మల్లోని నీరు గడ్డకట్టి కణాలు దెబ్బతింటాయి. అందుకే కుళాయి పక్క పల్లంలో ఉన్నవి బాగా మాడాయి. వంటగది గోడ పక్కనున్న మొక్కకు కొనలే పోయాయి. గోడ పగలు పీల్చుకున్న ఎండను రాత్రి మెల్లగా వదులుతుంది కదా.

చచ్చిపోయాయనుకుని పల్లంలోని రెండింటిని మేమే పీకేశాం. పీకాక చూస్తే మొదట్లో బెరడు పచ్చగానే ఉంది. ఆ రోజు మాలో ఎవరికీ అన్నం సయించలేదు. కుక్ బాబాయి మాత్రం తిట్టలేదు. "మిగతావాటి మీద కత్తి పెట్టకండిరా, మార్చి దాకా ఆగండి" అన్నాడు.

ఆగడమే ఇందులో కష్టమైన పని. మాడిన కొమ్మ ఎంతవరకు చచ్చిందో వెంటనే తెలియదు. మళ్ళీ చలి వస్తే ఆ ఎండు కొమ్మలే కింది భాగానికి కాస్త అడ్డుగా ఉంటాయి. పైగా తొందరగా కోస్తే లేత చిగురు వచ్చి అదీ మాడుతుంది. ఈలోగా ఎరువు వేయలేదు, నీళ్ళు కూడా తక్కువే పోశాం. ఆకుల్లేని మొక్క ఎక్కువ నీరు తాగదు.

మార్చిలో గోటితో బెరడు గీకి చూశాం. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగైతే లేనట్టు. పచ్చదనం మొదలైన చోటికి కొంచెం కింద, చిగురుకు పైన ఏటవాలుగా కోశాం. కోసిన చోట బోర్డో పేస్టు పూశాం. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం అర లీటరు నీళ్ళలో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ కలపాలి. ఇనుప బకెట్ పనికిరాదు, ప్లాస్టిక్‌ది వాడాలి. నీడ పోయిన కాండాన్ని వేసవి ఎండ కాల్చకుండా సున్నం కొట్టాం.

అసలు మెలకువ పిలకల దగ్గర ఉంది. అంటు కట్టిన చోటు కాండం మీద ముడిలా కనిపిస్తుంది. దాని కింద నుంచి వచ్చే పిలకలు నాటు మామిడివి. అవే ముందు, బలంగా వస్తాయి. వాటిని చూసి మేము సంబరపడితే బాబాయి అన్నీ గిల్లించేశాడు. ముడికి పైన వచ్చినవాటిలో నిటారుగా ఉన్న ఒక్కదాన్ని ఎంచుకుని, ఊతకర్ర పాతి, పాత చీర పేలికతో వదులుగా కట్టాం. పైన వచ్చిన మిగతావాటిని వెంటనే తీయలేదు, కొనలు తుంచి ఉంచాం. వేళ్ళకు ఆహారం కావాలంటే ఆకులు ఉండాలి. వానలు పడి ఆ ఒక్కటీ బలపడ్డాక వాటిని తీసేశాం.

కొత్త కాండం నడుము ఎత్తు దాటాక దాదాపు 75 సెంటీమీటర్ల దగ్గర కొన తుంచాం. కింద నుంచి కొమ్మలు వచ్చాయి. తలా ఒక దిక్కుకు పోయేవి, ఒకే చోట పుట్టనివి మూడు నాలుగు ఉంచి మిగతావి తీసేశాం. ఒక చెట్టుకు మాత్రం ముడి పైన ఏమీ మిగల్లేదు. దాన్ని నాటు చెట్టుగానే పెంచుతున్నాం. పచ్చడికి పనికొస్తుందని బాబాయి ధీమా.

ఇప్పుడు మేము పదో తరగతి, వేసవికి వెళ్ళిపోతాం. తమ్ముళ్ళూ, చలి ముదిరే రోజున సాయంత్రం మొదళ్ళకు నీళ్ళు పెట్టండి. తడి నేల వేడిని ఎక్కువ నిలుపుకుంటుంది. మొదట్లో గడ్డి, ఆకులు పరిచి ఉంటే ఆ కాలంలో పక్కకు లాగండి, లేకపోతే నేల వేడి పైకి రాదు. నాలుగు కర్రలు పాతి, ఆకులకు తగలకుండా గోనె కప్పి, పొద్దున్నే తీసేయండి. గోనెలు స్టోర్ రూములో బియ్యం బస్తాల వెనక కట్టగట్టి పెట్టాం.